సీలియాక్‌తో దర్శిని టిఫిన్: నా అనుభవం

నాకు సీలియాక్ అని, అంటే గోధుమ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బని తేలాక చపాతీ, పూరీ, రవ్వ ఇడ్లీ మానేశాను. అయినా బెంగళూరు దర్శినిలో (త్వరగా టిఫిన్ పెట్టే చిన్న హోటల్) తింటే చాలు, కడుపు ఉబ్బరం, విరేచనాలు. బియ్యం, మినప్పప్పుల దోసెలో గోధుమ ఎక్కడిది?

ఇంట్లో ఇంగువ డబ్బా తిప్పి చదివితే దొరికింది. బజారు ఇంగువ పొడి చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. అంటే సాంబారు, చారు, పొంగలి, పెరుగన్నం తాలింపు అన్నీ అనుమానమే.

రెండో దొంగ పెనం. రవ్వ దోసె పోసిన చోటే నా దోసె కూడా పోస్తారు. నీళ్లు చల్లి చీపురుతో ఊడిస్తే గోధుమ పోదు. పూరీలు వేయించిన నూనెదీ అదే కథ.

ఇప్పుడు రద్దీ లేని మధ్యాహ్నం వెళ్తాను. సూపర్‌వైజర్‌తో, "అన్నా, గోధుమ, మైదా, రవ్వ, ఇంగువ ఎలర్జీ" అంటాను. నిజానికి ఇది ఎలర్జీ కాదు, కానీ ఆ మాటకే వంటగదిలో కదలిక వస్తుంది. "కొంచెం పడితే ఏం కాదు సార్" అంటే లేచి వచ్చేస్తాను.

బియ్యం ఇడ్లీ, తాలింపు వేయని కొబ్బరి చట్నీ, జేబులో ఇంటి కారప్పొడి. ప్యాకెట్ సరుకైతే 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉంటేనే కొంటాను. మన దేశంలో అలా రాయాలంటే అందులో గ్లూటెన్ పరిమితి కిలోకి 20 మిల్లీగ్రాములు.