విదేశీ నగరాల కార్యకర్తలతో అనుభవాలు పంచుకోవడం ఎలా?

కర్నూలులో 2009 అక్టోబరు వరదను చూసిన పేటల స్వచ్ఛంద కార్యకర్తలు, వాననీటితో కలిసి బతకడం నేర్చిన, నెదర్లాండ్స్ దేశంలోని రోటర్‌డామ్ నగరవాసులతో పరిచయం కోరితే, ముందుగా తమ వీధి పటం గీసి, తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఏ గడప దాకా వచ్చాయో గుర్తించి, దానినే తొలి లేఖకు జతచేయాలి. పొగడ్తలకన్నా ఆ పటమే వారిని ఎక్కువ మాట్లాడిస్తుంది.

అక్కడ 2013లో ప్రారంభమైన బెంతెంప్లేన్ కూడలి మామూలు రోజుల్లో ఆటస్థలంగానూ, భారీ వానలో నీటిని ఆపే తొట్టిగానూ పనిచేస్తుంది. దాని నమూనా అడగడంకన్నా, పూడిక ఎవరు తీస్తారని అడగడం మేలు, ఎందుకంటే మన దగ్గర కట్టడం సులువు, కాపాడడమే కష్టం.

సంభాషణకు మన సాయంత్రం అనుకూలం. విరాళం మాట వస్తే మాత్రం ఆగాలి: 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం, కేంద్ర హోంశాఖ వద్ద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం ఆ సొమ్ము స్వీకరించరాదు.