కంట్లో లెన్స్ ఉందని ఎంఆర్‌ఐ ఆపేశారా? ముందు నలుసు సంగతి అడగండి

సమస్య ఎప్పుడూ ఒకటే. శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దాయనకి తలకు ఎంఆర్‌ఐ రాస్తారు, ఫారంలో కంటి ఇంప్లాంట్ అని చూడగానే ఆపేస్తారు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. వాచీ, గొలుసు తీయాలని నేను చెప్పక్కర్లేదు కదా.

శుక్లాల ఆపరేషన్‌లో కంట్లో పెట్టే ఆ లెన్స్ యాక్రిలిక్ లాంటి ప్లాస్టిక్, ఎంఆర్‌ఐ యంత్రంలోని అయస్కాంతం దాన్ని లాగదు. రెటీనా ఆపరేషన్‌లో వేసే సిలికాన్ బకిల్ (కంటిగుడ్డు చుట్టూ వేసే పట్టీ) కూడా అంతే. గ్లాకోమా స్టెంట్ (కంట్లో ఒత్తిడి తగ్గించడానికి పెట్టే చిన్న గొట్టం) ఉంటే మాత్రం అందులో టైటానియమో స్టీలో ఉండొచ్చు, కాబట్టి ఇంప్లాంట్ కార్డు తెచ్చి, ఆ మోడల్‌కి ఎన్ని టెస్లాల (అయస్కాంతం బలాన్ని కొలిచే లెక్క) దాకా పర్వాలేదో చూడాలి. కార్డు పోతే ఆపరేషన్ చేసిన చోటికి ఒక్క ఫోన్.

నేను దెబ్బతినబోయింది వీటితో కాదు, కంట్లో దిగిన ఇనుప నలుసుతో. ఒకాయనకి రెండు కళ్లకూ లెన్సులు, కార్డులన్నీ ఫైల్లో పక్కాగా ఉన్నాయి. ఒంట్లో ఇనుము ఉందా అంటే లేదన్నాడు, టిక్కు పెట్టేశాను. లోపలికి తీసుకెళ్లబోతూ ఏం పని చేసేవారు బాబాయ్ అని మాటవరసకి అడిగితే, ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లు గ్రైండింగ్ అట. కంట్లో రజను పడేదా అంటే నవ్వి, "పడని రోజేదయ్యా?" అన్నాడు. ఎక్స్‌రే తీస్తే ఎడమ కంటి దగ్గర తెల్లటి చుక్క! ఆయన దాచిందేం లేదు, ఇనుమంటే ఆయన లెక్కలో కాల్లో వేసే రాడ్డు. నేనే సరిగ్గా అడగలేదు.

కంట్లో దిగిన ఇనుప ముక్క నొప్పి లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోగలదు. అయస్కాంతం దగ్గరికెళ్తే కదిలి లోపల రక్తస్రావం చేయొచ్చు. అలా ఎంఆర్‌ఐ తర్వాత ఒక కన్ను చూపు పోయిన కేసు 1986లోనే అచ్చయింది. పైగా స్కాన్ నడవకపోయినా అయస్కాంతం ఆన్‌లోనే ఉంటుంది, అందుకే ఈ ప్రశ్న గది తలుపు బయటే అడగాలి: వెల్డింగ్, గ్రైండింగ్, లేత్ పని చేశారా, కంట్లో ఇనుప రజను ఎప్పుడైనా పడిందా? పడిందంటే, డాక్టరు తీసేశారని చెప్పినా సరే, కళ్లకు ఎక్స్‌రే తీయించండి. ఈమధ్య తీసిన తల సీటీ స్కాన్ ఉంటే అదైనా రేడియాలజిస్టుకి (స్కాన్లు చూసి చెప్పే డాక్టరుకి) చూపించండి. ఎక్స్‌రేకి, సీటీకి అయస్కాంతంతో పని లేదు, వాటికి భయపడక్కర్లేదు.

స్కాన్ మధ్యలో రెప్పలు వేడెక్కుతున్నాయంటే మస్కారానో ఐలైనర్ టాటూనో చూడండి, వాటి రంగులో ఐరన్ ఆక్సైడ్ ఉండొచ్చు. మస్కారా ముందే తుడిపించాలి, టాటూ మీద చల్లటి తడిగుడ్డ వేయాలి. కాంటాక్ట్ లెన్సులు తీయించండి. అయస్కాంతం పెట్టిన పాతకాలపు కృత్రిమ కన్ను, రెప్పలో స్టీలు స్ప్రింగు లాంటివి చాలా అరుదు, కనిపిస్తే మాత్రం ఎంఆర్‌ఐ ఆపి రేడియాలజిస్టుని పిలవండి.