వేరే ఊళ్లో ఉండి ఇంట్లోని కంప్యూటర్‌ను ఆన్ చేయడం ఎలా?

మా ఇల్లు గుంటూరులో, నా ఉద్యోగం హైదరాబాద్‌లో. ఫొటోలు, ట్యాలీ ఫైళ్లు, పాత ప్రాజెక్టులు అన్నీ గుంటూరు డెస్క్‌టాప్‌లోనే ఉన్నాయి. ఏదైనా ఫైలు కావాల్సి వస్తే నాన్నకు ఫోన్ చేసేవాణ్ణి. "సీపీయూ బటన్ ఒకసారి నొక్కవా నాన్నా" అంటే, "ఎర్ర లైటు వెలుగుతోంది, అదేనా?" అనేవారు. అది యూపీఎస్. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళయితే ఆ ఫైలు సాయంత్రానికి గానీ చేతికి వచ్చేది కాదు.

అలాగని కంప్యూటర్‌ను రోజంతా ఆన్‌లోనే ఉంచితే కరెంటు బిల్లు పెరుగుతుంది. ఏ పనీ లేకుండా 50 వాట్లు లాగే డెస్క్‌టాప్‌కు నెలకు 36 యూనిట్లు ఖర్చవుతాయి. అవసరమైనప్పుడు దూరం నుంచే లేపుకునే పద్ధతి ఒకటుంది. దాని పేరు వేక్ ఆన్ ల్యాన్. మీ కంప్యూటర్‌లో అది ఇప్పటికే ఉండి ఉంటుంది. పేరులో ల్యాన్, అంటే ఇంటి లోపలి నెట్‌వర్క్, అని ఉన్నందుకు దానంతట అది ఇల్లు దాటి పనిచేయదు. దాన్ని రౌటర్ మీదుగా ఇంటర్నెట్‌కు అందించడంలోనే అసలు తిప్పలన్నీ ఉన్నాయి.

లోపల జరిగేది ఇదీ

షట్‌డౌన్ చేసినా ప్లగ్ తీయనంతవరకు ఎస్‌ఎంపీఎస్ (సీపీయూ లోపలి కరెంటు సరఫరా పెట్టె) నుంచి మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. దానితో నెట్‌వర్క్ కార్డు ఒక కన్ను తెరిచి పడుకుంటుంది. తన పేరు వినపడిందంటే మదర్‌బోర్డును లేపుతుంది. ఆ పిలుపును మ్యాజిక్ ప్యాకెట్ అంటారు. 1990ల మధ్యలో ఏఎమ్‌డీ, హ్యూలెట్ ప్యాకర్డ్ కలిసి తయారుచేసిన పద్ధతి ఇది. ముందు అన్నీ ఒకట్లే ఉన్న 6 బైట్లు, ఆ వెనక కార్డు మ్యాక్ అడ్రస్ (తయారీలోనే కార్డుకు ఇచ్చిన నంబరు) 16 సార్లు, మొత్తం 102 బైట్లు. బడికి వెళ్లాల్సిన పిల్లాణ్ణి అమ్మ పేరు పెట్టి పదే పదే పిలిచినట్టే. ప్యాకెట్ పదహారు దగ్గర ఆపుతుందంతే, అమ్మ ఆపదు.

పడుకున్న కంప్యూటర్‌కు రౌటర్ ఇచ్చే ఐపీ అడ్రస్ పట్టదు, మ్యాక్ అడ్రస్ ఒక్కటే తెలుసు. కింద రౌటర్ దగ్గర వచ్చే చిక్కంతా దీనివల్లే.

ముందు కంప్యూటర్‌ను సిద్ధం చేయండి

రౌటర్ నుంచి కంప్యూటర్‌కు ల్యాన్ కేబుల్ ఉండాలి. వైఫై మీద లేపే సదుపాయం కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఉన్నా, నమ్ముకోదగ్గది కాదు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ కూడా పెట్టే ఉంచండి. యాపిల్ మ్యాక్ అయితే నిద్ర నుంచి మాత్రమే లేస్తుంది, పూర్తిగా షట్‌డౌన్ చేస్తే లేవదు.

1. కంప్యూటర్ ఆన్ చేస్తూ డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలోకి, వెళ్లండి. పవర్ మెనూలో "వేక్ ఆన్ ల్యాన్" లేదా "పవర్ ఆన్ బై పీసీఐ ఈ" అని ఉన్నదాన్ని ఎనేబుల్ చేయండి. అక్కడే "ఈఆర్‌పీ" గానీ "డీప్ స్లీప్" గానీ కనిపిస్తే డిసేబుల్ చేయండి. కరెంటు ఆదా కోసం పెట్టిన ఈ సెట్టింగ్ నెట్‌వర్క్ కార్డుకు అందే స్టాండ్‌బై కరెంటును కూడా కోసేస్తుంది.

2. బయోస్‌లోనే ఉన్నారు కాబట్టి "రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్" కూడా చూసుకుని "పవర్ ఆన్" పెట్టండి. కరెంటు పోయి వచ్చాక, ఒకసారి ఆన్ అయి మళ్లీ ఆఫ్ అయ్యేదాకా మ్యాజిక్ ప్యాకెట్‌ను పట్టించుకోని మదర్‌బోర్డులు చాలా ఉన్నాయి. వేసవిలో కరెంటు కోతలున్న ఊళ్లో ఈ ఒక్క సెట్టింగ్ మరిచిపోతే మిగతా శ్రమంతా వృథా.

3. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్ల కింద మీ ఈథర్‌నెట్ కార్డు ప్రాపర్టీస్‌కు వెళ్లండి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కంప్యూటర్‌ను లేపడానికి ఈ డివైస్‌ను అనుమతించే గడికి టిక్ పెట్టండి. మ్యాజిక్ ప్యాకెట్‌కు మాత్రమే లేపమనే గడికీ పెట్టండి. రెండోది వదిలేస్తే నెట్‌వర్క్‌లో ఏ చిన్న కదలిక వచ్చినా కంప్యూటర్ అర్ధరాత్రి దానంతట అదే లేచి కూర్చుంటుంది. ఇంట్లో వాళ్లు దయ్యం అనుకుంటారు. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో "వేక్ ఆన్ మ్యాజిక్ ప్యాకెట్" ఎనేబుల్‌లో ఉందో లేదో చూడండి. రియల్‌టెక్ కార్డయితే "షట్‌డౌన్ వేక్ ఆన్ ల్యాన్" అనేది కూడా.

4. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో "ఫాస్ట్ స్టార్టప్" తీసేయండి. ఇంత చేసినా షట్‌డౌన్ నుంచి లేవకపోతే పంతానికి పోవద్దు. షట్‌డౌన్ మానేసి స్లీప్‌లో పెట్టడం అలవాటు చేసుకోండి. నిద్ర నుంచి లేవడం దాదాపు అన్ని కంప్యూటర్లకూ వచ్చు.

5. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కమాండ్‌ను స్లాష్ ఆల్‌తో కలిపి కొట్టండి. ఈథర్‌నెట్ అడాప్టర్ కింద "ఫిజికల్ అడ్రస్" అని రెండేసి చొప్పున ఆరు జతలు కనిపిస్తాయి. అదే మ్యాక్ అడ్రస్, రాసిపెట్టుకోండి. వైఫై కార్డుకు వేరే అడ్రస్ ఉంటుంది. తొందరలో దాన్ని రాసుకుని గంటలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, అందులో నేనొకణ్ణి.

ఇప్పుడు కంప్యూటర్ ఆఫ్ చేసి, వెనక కేబుల్ గుచ్చిన చోట చూడండి. చిన్న లైటు ఇంకా వెలుగుతోందంటే కార్డుకు కరెంటు అందుతోందన్నమాట. లైటు ఆరిపోతే మొదట బయోస్‌నే అనుమానించండి.

ఇంట్లోనే ఒకసారి లేపి చూడండి

దీన్ని దాటవేసి నేరుగా రౌటర్ మీద పడితే, రేపు పనిచేయనప్పుడు తప్పు ఎక్కడుందో తెలియదు. ఫోన్‌లో వేక్ ఆన్ ల్యాన్ యాప్ ఒకటి వేసుకోండి, ప్లే స్టోర్‌లో ఉచితంగా చాలా ఉన్నాయి. మ్యాక్ అడ్రస్ ఇచ్చి, ఇంటి వైఫైలోనే ఉండి నొక్కండి. వైఫై ఫోన్, కేబుల్ కంప్యూటర్ ఒకే రౌటర్ మీద ఉంటే ప్యాకెట్ చేరుతుంది. ఫోన్ మాత్రం గెస్ట్ వైఫైలో ఉండకూడదు.

లేచిందా? సగం పని అయిపోయినట్టే. ఇక ఊరు దాటాలి.

మీ కనెక్షన్‌కు సొంత అడ్రస్ ఉందా?

రౌటర్ అడ్మిన్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఉంటుంది, ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్ అది. దాన్ని, "నా ఐపీ ఏమిటి" అని చెప్పే ఏదో ఒక వెబ్‌సైట్ చూపించేదాంతో పోల్చండి. రెండూ ఒకటే అయితే బయటి నుంచి మీ రౌటర్ తలుపు తట్టవచ్చు. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీ న్యాట్ వెనక ఉన్నట్టు. అంటే ఎన్నో ఇళ్లకు కలిపి కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీ ఇచ్చింది. అపార్ట్‌మెంట్ గేటు దాకా వచ్చిన పోస్ట్‌మ్యాన్‌కు ఫ్లాట్ నంబరు తెలియని పరిస్థితి. మీ రౌటర్‌లో పోర్టులు, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే తలుపులు, ఎన్ని తెరిచినా ప్యాకెట్ అక్కడికి రాదు. మన దగ్గర ఇంటి కనెక్షన్లలో ఇది మామూలే. వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే, కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె ఒక రౌటర్‌గా, మీరు కొన్నది దాని వెనక ఇంకో రౌటర్‌గా పనిచేస్తున్నాయని అర్థం.

సీజీ న్యాట్ అయితే రెండు దారులు. అదనపు చార్జీ కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత పబ్లిక్ ఐపీ, తీసుకోవడం ఒకటి. కింద రెండో పద్ధతికి వెళ్లడం ఇంకొకటి. నన్నడిగితే రెండోదే.

మొదటి పద్ధతి: రౌటర్‌లో పోర్టు తెరవడం

పబ్లిక్ ఐపీ ఉన్నా అది మారుతూ ఉంటే, డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టుకుని ఐపీకి బదులు ఒక పేరు వాడండి. చాలా రౌటర్లలో ఆ సదుపాయం ఉంటుంది. డక్ డీఎన్‌ఎస్ ఉచితం. నో ఐపీ ఉచిత ఖాతా అయితే 30 రోజులకోసారి ఈమెయిల్‌లో ధ్రువీకరించాలి, మరిచిపోతే పేరు పోతుంది.

తరవాత రౌటర్‌లో "పోర్ట్ ఫార్వర్డింగ్" లేదా "వర్చువల్ సర్వర్" పేజీ తెరవండి. ప్రోటోకాల్ యూడీపీ. బయటి పోర్టు ఏదైనా పెద్ద నంబరు, 40009 అనుకుందాం. లోపలి పోర్టు 9. ఏ ఐపీకి పంపాలన్నదే చిక్కు ప్రశ్న.

చాలామంది కంప్యూటర్ ఐపీ ఇస్తారు. కంప్యూటర్ ఆఫ్ చేసి వెంటనే బయటి నుంచి ప్యాకెట్ పంపితే చక్కగా లేస్తుంది. సంబరపడి మర్నాడు పొద్దున ఆఫీసు నుంచి ప్రయత్నిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. నేనూ ఇలాగే మూడు వారాలు తల బాదుకున్నాను. ఏ ఐపీ ఏ మ్యాక్‌దో రౌటర్ ఏఆర్‌పీ అనే చిన్న పట్టికలో రాసుకుంటుంది. కంప్యూటర్ ఆఫ్ అయిన కాసేపటికి ఆ వరస చెరిపేస్తుంది. తరవాత ప్యాకెట్ వస్తే "192.168.1.50 ఎవరు?" అని ఇంట్లో అడుగుతుంది. నిద్రలో ఉన్నవాడు జవాబివ్వడు, రౌటర్ ప్యాకెట్‌ను పారేస్తుంది.

దీనికి మందు రెండు రకాలు. ఫార్వర్డింగ్‌ను ఇంటి నెట్‌వర్క్ మొత్తానికీ వినపడే బ్రాడ్‌కాస్ట్ అడ్రస్‌కు, అంటే మామూలుగా 192.168.1.255కు పంపవచ్చు. భద్రత పేరుతో చాలా రౌటర్లు దీన్ని ఒప్పుకోవు. లేదా "ఐపీ మ్యాక్ బైండింగ్" లేదా "స్టాటిక్ ఏఆర్‌పీ" పేజీ ఉంటే కంప్యూటర్ ఐపీని, మ్యాక్‌ను శాశ్వతంగా జతచేయండి. "డీహెచ్‌సీపీ రిజర్వేషన్" వేరు, అది ఎప్పుడూ అదే ఐపీ ఇస్తానని మాటివ్వడం మాత్రమే. దాన్ని పెట్టి బైండింగ్ అయిపోయిందనుకుని మోసపోవద్దు. రిజర్వేషన్ కూడా కావాలి, బైండింగ్ కూడా కావాలి.

పరీక్షించేటప్పుడు ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా పెట్టండి. కంప్యూటర్ ఆఫ్ చేశాక కనీసం గంట ఆగి పంపండి. వెంటనే లేస్తే అది పరీక్ష కాదు.

రెండో పద్ధతి: ఇంట్లో ఒకణ్ణి మేలుకుని ఉండనివ్వడం

పిలుపును గుంటూరు దాకా మోసుకుపోయే బదులు, గుంటూరులోనే ఎప్పుడూ మేలుకుని ఉండే చిన్న పరికరానికి "నువ్వు పిలువు" అని చెప్పడం తేలిక. చివరికి నేను స్థిరపడింది దీనికే.

ఆ పరికరం మీ రౌటరే కావచ్చు. ఆసుస్, మైక్రోటిక్, ఫ్రిట్జ్ బాక్స్ లాంటి వాటిలో వేక్ ఆన్ ల్యాన్ సదుపాయం ఉంటుంది. ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ ఉన్న రౌటర్‌లో ఈథర్‌వేక్ అనే ప్యాకేజీ వేసుకోవచ్చు. పబ్లిక్ ఐపీ ఉంటే రౌటర్‌లోనే వైర్‌గార్డ్ వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి) పెట్టుకుని, దాని మీదుగా రౌటర్ పేజీకి వెళ్లి లేపు బటన్ నొక్కడమే. రౌటర్ అడ్మిన్ పేజీని మాత్రం నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకండి.

సీజీ న్యాట్ ఉంటే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు పెట్టుకోండి, జీరో 2 డబ్ల్యూ చాలు. దాంట్లో టెయిల్‌స్కేల్ (మీ పరికరాలన్నిటినీ ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే ప్రోగ్రామ్), వేక్ ఆన్ ల్యాన్ ప్యాకేజీ వేయండి. మీ ఫోన్‌లోనూ టెయిల్‌స్కేల్ వేసి అదే ఖాతాతో లాగిన్ అవ్వండి. ఈ బోర్డు లోపలి నుంచి బయటికి తనే కనెక్షన్ కలుపుకుంటుంది కాబట్టి పోర్టులు, పబ్లిక్ ఐపీ, డైనమిక్ డీఎన్‌ఎస్ ఏవీ అక్కర్లేదు. ఫోన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే పద్ధతి) బోర్డులోకి వెళ్లి, వేక్ ఆన్ ల్యాన్ అని మధ్యలో ఖాళీలు లేకుండా కొట్టి పక్కన మ్యాక్ అడ్రస్ ఇస్తే సరి. టెయిల్‌స్కేల్ ఉంది కదా అని ఫోన్‌లోని వేక్ యాప్‌తో నేరుగా పంపితే కుదరదు. బ్రాడ్‌కాస్ట్ ఆ దారిలో ప్రయాణించదు. పిలిచేది బోర్డే అయి ఉండాలి.

బోర్డుకు, రౌటర్‌కు, ఫైబర్ పెట్టెకు కలిపి చిన్న యూపీఎస్ పెట్టండి. కరెంటు లేనప్పుడు కంప్యూటర్ ఎలాగూ లేవదు గానీ, బోర్డు దొరుకుతుంటే అసలు సంగతి కరెంటుదో నెట్‌దో తెలుస్తుంది.

లేచాక

ప్యాకెట్‌కు రసీదు ఉండదు. లేచిందో లేదో బోర్డు నుంచి పింగ్ చేసి, అంటే "ఉన్నావా" అని పలకరించి, చూసుకోవాలి. స్లీప్ నుంచి ఇలా లేచిన విండోస్, ఎదురుగా మనిషి లేడని గమనించి మామూలుగా 2 నిమిషాల్లో మళ్లీ పడుకుంటుంది. ఆ లోపల లాగిన్ అయిపోవాలి.

లాగిన్‌కు రిమోట్ డెస్క్‌టాప్ వాడాలంటే విండోస్ ప్రో ఉండాలి, హోమ్ ఎడిషన్‌లోకి బయటి నుంచి రానివ్వదు. హోమ్ అయితే ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్ లాంటివాటిని, ఎవరూ ఓకే నొక్కకుండానే తెరుచుకునేలా పాస్‌వర్డ్ పెట్టి సిద్ధం చేయండి. రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని రౌటర్‌లో తెరవకండి. ఇంటర్నెట్‌లో ఆ పోర్టును వెతుక్కుంటూ తిరిగే దొంగ ప్రోగ్రామ్‌లు రాత్రీ పగలూ పనిచేస్తుంటాయి. వీపీఎన్ గానీ టెయిల్‌స్కేల్ గానీ మీదుగానే వెళ్లండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్‌కు స్టార్టప్ పిన్ పెట్టుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక: షట్‌డౌన్ నుంచి లేచిన కంప్యూటర్ ఆ పిన్ అడుగుతూ నీలం తెర దగ్గరే నిలబడిపోతుంది. అప్పుడు మళ్లీ నాన్నకే ఫోన్.

పని అయ్యాక పడుకోబెట్టడం మరవకండి. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉన్నప్పుడు స్టార్ట్ మెనూలో షట్‌డౌన్ ఒక్కోసారి కనిపించదు. డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట క్లిక్ చేసి ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే మెనూ వస్తుంది. విండో మూసేసి కనెక్షన్ తెంపుకుంటే కంప్యూటర్ ఆఫ్ కాదు. నేను ఒక శుక్రవారం అలాగే వదిలేస్తే, సోమవారం నాన్న ఫోన్ చేసి "మీ గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తోందిరా, స్విచ్ చూస్తే ఆఫ్‌లోనే ఉంది" అన్నారు.