ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్ కనెక్ట్ కావట్లేదా? ఏదీ అన్‌ఇన్‌స్టాల్ చేయకముందే ఇది చదవండి

రాత్రి తొమ్మిదికి ఫోన్ వస్తుంది. "రిమోట్ రావట్లేదండీ, అన్నీ చేసి చూశాను" అంటారు. ఆ "అన్నీ" ఏమిటంటే వీపీఎన్ తీసేసి మళ్లీ వేయడం, ఫైర్‌వాల్ ఆపేయడం, ఏదో వీడియో చూసి రిజిస్ట్రీలో వేలు పెట్టడం. ఇక నేను అసలు జబ్బుతో పాటు ఈ మూడింటికీ మందు వేయాలి. అందుకే ముందు ఏదీ ముట్టుకోవద్దు. తేడా ఇంట్లో ఉందా, దారిలో ఉందా, ఆఫీసులో ఉందా అన్నది తేల్చుకోండి. ఇదంతా విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ని (ఇంటి నుంచే ఆఫీసు కంప్యూటర్ తెర చూస్తూ పనిచేసే సదుపాయం) ఆఫీసు వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసే రహస్య దారి) మీద వాడేవాళ్ల కోసం.

కావాల్సినవి ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్, ఒక కాగితం. ఆఫీసులో ఉన్న రోజే ఆ కంప్యూటర్ పేరు, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు చిరునామా) కాగితం మీద రాసుకోండి. కనెక్ట్ అవడానికి మాత్రం పేరే వాడాలి. ఐపీ ఈరోజు ఒకటి ఉంటుంది, రేపు ఇంకొకటి అవుతుంది.

మొదట, ఆఫీసులో ఎవరికైనా ఫోన్ చేసి కంప్యూటర్ ఆన్‌లో ఉందా అని అడగండి. నవ్వకండి. సాయంత్రం ఆఫీస్ బాయ్ స్విచ్‌లన్నీ ఆపేసి వెళ్తాడు. లేదా మీరే నిన్న పని అయ్యాక డిస్‌కనెక్ట్ బదులు షట్‌డౌన్ నొక్కి ఉంటారు. కరెంటు పోయి వస్తే చాలా పీసీలు వాటంతట అవి లేవవు. కరెంటు రాగానే ఆన్ అయ్యేలా బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో) ఒక ఆప్షన్ ఉంటుంది, అది పెట్టించుకోండి. స్లీప్‌ను నెవర్ చేయండి. ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ ప్రో లేదా ఎంటర్‌ప్రైజ్ లాంటిది ఉండాలి, హోమ్ ఎడిషన్ బయటి నుంచి ఎవరినీ ఎక్కనివ్వదు. మీ ఇంటి ల్యాప్‌టాప్‌లో హోమ్ ఉన్నా ఫర్వాలేదు.

తర్వాత, స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్ పూర్తిగా చదవండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తప్పని అంటోందంటే దారి బాగానే ఉన్నట్టు. పాస్‌వర్డ్ గడువు అయిపోయి ఉండొచ్చు. ఐటీ వాళ్లకు చెప్పి మార్పించుకోండి, నెట్‌వర్క్ జోలికి వెళ్లొద్దు.

అసలు ఆఫీసు కంప్యూటరే దొరకట్లేదంటే పింగ్ చేస్తారు అందరూ, అంటే "ఉన్నావా" అని దానికి చిన్న సందేశం పంపి చూస్తారు. పింగ్‌ను నమ్మకండి. విండోస్ ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకోవడం మామూలే, జవాబు రాకపోయినా కంప్యూటర్ బతికే ఉండొచ్చు. వీపీఎన్ కనెక్ట్ చేసి, పవర్‌షెల్ (విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో టీఎన్‌సీ, ఖాళీ, కంప్యూటర్ పేరు, ఖాళీ, హైఫన్ పోర్ట్, ఖాళీ, 3389 అని కొట్టండి. 3389 అంటే రిమోట్ డెస్క్‌టాప్ లోపలికి వచ్చే తలుపు (పోర్ట్) నంబరు. చివరి లైనులో ట్రూ వస్తే దారి తెరిచి ఉంది. ఫాల్స్ వస్తే పేరు బదులు ఐపీతో ఒకసారి చూడండి. దాంతో ట్రూ వస్తే పేరు వెతికే డీఎన్‌ఎస్ దగ్గరే తేడా, అది ఐటీ వాళ్ల పని.

రెండింటికీ ఫాల్సేనా? ఇంటి వైఫై వదిలి ఫోన్ హాట్‌స్పాట్ మీద వీపీఎన్ కలిపి చూడండి. హాట్‌స్పాట్ మీద వస్తూ ఇంటి వైఫై మీద రాకపోతే, నాకు ఎక్కువగా తగిలే దోషం ఒకటే. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకే నంబర్ల వరుస ఉంటుంది.

వీపీఎన్ ఆపేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ 192.168.1.7 అని వచ్చిందనుకోండి. కాగితం మీది ఆఫీసు ఐపీ 192.168.1.40. చుక్కలతో విడిపోయిన మొదటి మూడు నంబర్లూ (192.168.1) ఒకటే. మన వీధిలోనే ఆ డోర్ నంబరు ఉంటే పోస్ట్‌మన్ పక్క ఊరికి ఎందుకు వెళ్తాడు? మీ ల్యాప్‌టాప్ కూడా ఆఫీసు కంప్యూటర్‌ను ఇంట్లోనే వెతుకుతుంది. వీపీఎన్ మాత్రం కనెక్టెడ్ అని చూపిస్తూనే ఉంటుంది. జియో ఫైబర్ రౌటర్లు 192.168.29తో వస్తాయి కాబట్టి అక్కడ ఈ బెడద తక్కువ.

మార్చాల్సింది ఇంటి రౌటర్‌నే, ఆఫీసుది కాదు. ఇక్కడే చేతులు కాల్చుకుంటారు, నిదానంగా చేయండి. ఇంట్లో ఎవరికీ ఆన్‌లైన్ పరీక్ష, మీటింగ్ లేని సమయం చూసుకోండి. ఐపీకాన్ఫిగ్‌లో డీఫాల్ట్ గేట్‌వే అని ఉన్న నంబరును కాగితం మీద రాసి, దాన్నే బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అవ్వండి. ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) పేజీకే వెళ్లాలి. వ్యాన్ (బయటి ఇంటర్నెట్ కనెక్షన్) పేజీలో ఒక్క అక్షరం మార్చినా ఇంటర్నెట్టే పోతుంది. ల్యాన్ ఐపీని 192.168.73.1 చేయండి. 73 ఎందుకంటే ఏమీ లేదు, ఎవరూ పెట్టుకోరని. 10తో మొదలయ్యేవి వద్దు, పెద్ద కంపెనీలు అవే వాడతాయి. డీహెచ్‌సీపీ (ఇంట్లోని పరికరాలకు ఐపీలు పంచేది) మొదలు, చివర నంబర్లు కూడా 73లోకి మారాయో లేదో చూసి, అప్పుడు సేవ్ నొక్కండి.

సేవ్ నొక్కగానే పేజీ బిగుసుకుపోతుంది. పోవాలి కూడా, రౌటర్ చిరునామా మారింది కదా! ఇక్కడ టెన్షన్ పడి వెనకాల సన్న రంధ్రంలో పిన్ను గుచ్చుతారు. దయచేసి గుచ్చకండి. రీసెట్‌తో కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోవచ్చు. ఆదివారం పూట ఇంటర్నెట్ అబ్బాయి కోసం గుమ్మంలో నిలబడాల్సి వస్తుంది. రెండు నిమిషాలు ఆగి, వైఫై ఆపి ఆన్ చేసి, మళ్లీ ఐపీకాన్ఫిగ్ కొట్టండి. 73 కనిపిస్తే అయిపోయినట్టే. ఐపీ ఫిక్స్ చేసి పెట్టిన ప్రింటర్, సీసీ కెమెరా డీవీఆర్ ఉంటే వాటిలోనూ మార్చాలి.

ఇంత గొడవెందుకు, ఆఫీసు రౌటర్‌లో 3389 పోర్టు బయటికి తెరిచేస్తే సరిపోతుంది కదా అనే మేధావులు కొందరుంటారు. 2019 మేలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. దాంతో పాత విండోస్‌లలో పాస్‌వర్డ్ లేకుండానే రిమోట్ డెస్క్‌టాప్ గుండా లోపలికి దూరే వీలుండేది. సపోర్ట్ 2014లోనే ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని పూడ్చే అప్‌డేట్) ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి తలుపు వీధిలోకి తెరిచి పెడతారా?

హాట్‌స్పాట్ మీద కూడా రాకపోతే తేడా మీ ఇంట్లో లేదనుకోవచ్చు. చూసినవన్నీ కాగితం మీద రాసి ఐటీ వాళ్లకు చదివి వినిపించండి. ఆ కాగితాన్ని తర్వాత రౌటర్ వెనకే అంటించండి. ఎప్పుడో ఇంటర్నెట్ అబ్బాయి వచ్చి మీకు చెప్పకుండా రీసెట్ కొట్టి వెళ్తాడు, నంబరు మళ్లీ పాతదే అవుతుంది.