మీ ఊరి రోడ్డు ఎవరిదో, నంబరెంతో ముందు కనుక్కోండి

మా ఊరి రోడ్డు గోతులు పూడ్చమని పాతికమంది సంతకాలు పెట్టి అర్జీ పట్టుకెళ్తే ఆఫీసులో నెల్లాళ్ళు దగ్గరుంచుకుని "ఇది మా రోడ్డు కాదండి" అని వెనక్కి ఇచ్చేశారు, ఈలోపు వానలు మొదలైపోయి చక్రం మునిగే గొయ్యి కాస్తా బండి మునిగే గొయ్యి అయింది. అప్పట్నుంచీ ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి, అర్జీ సంగతి తర్వాత.

మన గోదావరి డెల్టాలో ఇది కొంచెం చిక్కే. అమలాపురం మీదుగా పోయే 216 నేషనల్ హైవే (పాత నంబరు 214, ఇప్పటికీ చాలామంది అలాగే అంటారు) నేషనల్ హైవేల వాళ్ళది, స్టేట్ హైవేలు, పెద్ద జిల్లా రోడ్లు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) చూసుకుంటది. ఊరికీ ఊరికీ మధ్య ఉండే చిన్న రోడ్లు ఎక్కువ శాతం పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్ళవి. ఊళ్ళో సీసీ రోడ్లు, సందులు గ్రామ పంచాయతీవి. కాలువ గట్టు మీద రోడ్డు ఉందనుకోండి, గట్టు ఇరిగేషన్ వాళ్ళది, పైన తారు వేసింది వేరే శాఖ అయ్యుండొచ్చు, అందుకే గట్టు రోడ్లకి అర్జీ రెండు చోట్లా ఇవ్వడం మంచిది. ఏటిగట్టు కూడా అంతే. ఇక చేలల్లోకెళ్ళే పుంతలు చాలావాటికి ఏ నంబరూ ఉండదు, పంచాయతీలో తీర్మానం పెట్టించుకుని ఉపాధి హామీలో గ్రావెల్ తోలించుకోవాలి.

తేల్చుకోడానికి ఈజీ దారి కిలోమీటరు రాయి. తల పసుపుగా ఉంటే నేషనల్ హైవే, పచ్చగా ఉంటే స్టేట్ హైవే, ఆరెంజ్ ఉంటే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో వేసిన పల్లె రోడ్డు. మా రాయి గడ్డిలో పూడిపోయి ఉంటే కొడవలితో కోసి తడి గడ్డితో రుద్దితే అప్పుడు ఆరెంజ్ రంగు బయటపడింది, ఇన్నేళ్ళూ దాని పక్కనుంచే సైకిల్ మీద స్కూలుకెళ్ళాను, ఒక్కసారి కూడా చూళ్ళేదు.

ఆ సడక్ యోజన స్కీము 2000 డిసెంబరు 25న మొదలైంది, దాని కింద మండలాన్ని ఒక యూనిట్టుగా తీసుకుని రోడ్లకి నంబర్లు పెట్టారు. చాలా ఊళ్ళ ట్రాఫిక్ మోసే రోడ్డుకి టీ అక్షరం, ఒకటి రెండు ఊళ్ళని దానికి కలిపే రోడ్డుకి ఎల్ అక్షరం, పక్కన అంకెలు. నంబర్లు మండలానికి మండలం మళ్ళీ మొదట్నుంచే వస్తాయి కాబట్టి అదే నంబరు పక్క మండలంలోనూ ఉండొచ్చు. అర్జీలో నంబరుతో పాటు మండలం, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎన్నో కిలోమీటరు దగ్గర, పక్కన తూమో స్కూలో ఏదుందో రాయండి. "మా ఊరి రోడ్డు" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు.

రోడ్డు మొదట్లో ఉండే బోర్డు ఫోటో తప్పకుండా తీసుకోండి. పొడవు, ఖర్చు, కాంట్రాక్టర్ ఎవరు, పని ఎప్పుడు పూర్తయింది అన్నీ దాని మీద ఉంటాయి. ఎందుకంటే ఈ స్కీములో రోడ్డు పూర్తయ్యాక అయిదేళ్ళు బాగుచేసే బాధ్యత వేసిన కాంట్రాక్టరుదే. ఆ తేదీ నుంచి అయిదేళ్ళు దాటకపోతే కొత్తగా నిధులు అడగక్కర్లేదు, అగ్రిమెంటు ప్రకారం చేయించండి అని రాస్తే సరిపోద్ది. మేరీ సడక్ యాప్‌లో ఫోటోతో కంప్లైంట్ పెట్టొచ్చు, గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌కి చెప్పొచ్చు, సోమవారం కలెక్టరేట్లో జరిగే గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. బోర్డు లేకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇప్పుడు అసలు విషయం, మన రోడ్ల ప్రాణం నీళ్ళ దగ్గరుంది. కింద ఒండ్రు నేల, ఒకపక్క కాలువ, ఇంకోపక్క వరిచేనో చేపల చెరువో, నేల ఎప్పుడూ తడే. రోడ్డు మధ్యలో కొంచెం ఎత్తుగా ఉండేది నీళ్ళు పక్కలకి జారిపోవాలనే, కానీ బెర్మ్ (తారు పక్కనుండే మట్టి అంచు) మీద గడ్డి, మట్టి పెరిగి తారు కంటే ఎత్తయిపోద్ది, వాన నీరు పోయే దారిలేక అంచు వెంబడే నిలబడిపోద్ది. ఆ నీరు తారు కింద కంకరలోకి దిగాక లోడు లారీ ఒక్కటి వెళ్ళినా అంచు కుంగుద్ది. తొలకరికి ముందు ఇద్దరు మనుషులు పారలు పట్టుకుని బెర్మ్ చెక్కి, అక్కడక్కడ చిన్న కోత పెట్టి నీరు బోదెలోకి వదిలితే చాలు, తూము నోట్లో గుర్రపుడెక్క తీసేయండి. ఏటిగట్టు మీద, కాలువ గట్టు మీద మాత్రం కోత పెట్టొద్దు, గట్టు తెగుద్ది, అది ఇరిగేషన్ వాళ్ళకే చెప్పాలి.

దమ్ము చక్రాలు (చేను దమ్ము చేసే ఇనుప చక్రాలు) బిగించిన ట్రాక్టర్ తారు మీద ఎక్కనివ్వకండి. ఇనుప రెక్కలు తారుని ముక్కలుగా గీసేస్తాయి, ఆ గీతల్లోంచే నీరు దిగుద్ది. చక్రాలు విప్పి ట్రక్కులో వేసుకెళ్ళి చేలో బిగించుకోమని చెప్పాలి, మా వీధిలో ముందు తిట్టారు, ఇప్పుడు వాళ్ళే పక్కోళ్ళకి చెప్తున్నారు.

అర్జీ ఎప్పుడివ్వాలంటే సంక్రాంతి అయిన వెంటనే. ఎస్టిమేటు, టెండరు అయ్యేసరికి వేసవి వస్తుంది, కాలువలకి నీళ్ళు ఆపేసి నేల ఆరి ఉండే ఆ కొన్ని వారాల్లోనే పని గట్టిగా నిలబడేది. జూలైలో ఇస్తే గోతుల్లో ఇటుక ముక్కలు పోసి వెళ్ళిపోతారు.