సోంపు వాసన పోకుండా వాడుకోవడం ఎలా

ఒంగోలులో ఇంటి దగ్గరే మసాలా పొడులు కొట్టి అమ్ముతుంటాను. ధనియాలతో పేచీ లేదు, మిరియాలతో అసలే లేదు. చెయ్యి కాస్త జారితే ఏడిపించేది సోంపే. చెంచా తక్కువైతే ఎవరూ పట్టించుకోరు. చెంచా ఎక్కువైతే మాత్రం మటన్ కూర కిళ్ళీకొట్టులా వాసనేస్తుంది. కొనేవాళ్ళు పొడితో పాటు "అక్కా, గ్యాస్‌కి ఇది ఎలా తాగాలి?" అని కూడా అడుగుతారు కాబట్టి వంట, వైద్యం రెండూ కలిపే చెప్తాను.

సోంపు గుణమంతా గింజలో ఉండే నూనెలో ఉంది. అందులో ముఖ్యమైనది అనెథోల్ అనే పదార్థం. ఆ తియ్యటి వాసన దానిదే. ఈ నూనె వేడి తగిలినా, గాలి తగిలినా ఎగిరిపోతుంది. ఎక్కువసేపు వేయిస్తే పోతుంది, పొడి కొట్టి నెలల తరబడి ఉంచితే పోతుంది, మూత లేకుండా మరిగిస్తే ఆవిరితో పాటే పోతుంది. వంటింట్లో ఘుమఘుమలాడుతోందంటే గిన్నెలో అంత తగ్గినట్టే.

కొనేటప్పుడు రెండు రకాలు చూడండి. లావు గింజ, కాస్త పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో ఉండేది వంటకి. సన్నగా పచ్చగా ఉండే లక్నో సోంపు భోజనం తర్వాత నమలడానికి. సన్నది కూరలో వేస్తే డబ్బు దండగ. మన కొట్లకు వచ్చే సరుకులో ఎక్కువ భాగం గుజరాత్, రాజస్థాన్‌లలో పండినదే. గుజరాత్‌లోని ఊంఝా మార్కెట్ జీలకర్రకి ఎంత పేరో దీనికీ అంతే. నాలుగు గింజలు అరచేతిలో వేసి బొటనవేలితో గట్టిగా నలపండి. వెంటనే వాసన రావాలి, నోట్లో వేసుకుంటే తియ్యగా ఉండాలి. కళ్ళు చెదిరే పచ్చగా ఉంటే చెంచాడు గింజలు గ్లాసు నీళ్ళలో వేసి చూడండి. ఆ క్షణమే నీళ్ళు పచ్చబడితే అది రంగేసిన సరుకు.

యునానీ మందుల కొట్లలో అనీసూన్ అని దొరికేది సోంపుకి దగ్గరి చుట్టం. గింజ ఇంకా పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. ఈజిప్టులో, అరబ్బు దేశాల్లో దీన్ని టీలా కాచుకుని తాగుతారు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు మీకు ఆ ప్యాకెట్ ఇస్తే సోంపు నీళ్ళలాగే చేసుకోండి. బిర్యానీలో వేసే అనాస పువ్వుకి కూడా ఇదే వాసన, అదే అనెథోల్. కానీ అది వేరే చెట్టు కాయ. దాని గురించి ఒక జాగ్రత్త ఉంది, తర్వాత చెప్తాను.

ఇక వంట. కిలో మటన్‌కి రెండు పెద్ద చెంచాల ధనియాలు, ఒక్క చిన్న చెంచా సోంపు, వేలెడు దాల్చిన చెక్క, ఐదు లవంగాలు, మూడు ఏలకులు, రెండు చిన్న చెంచాల గసగసాలు. మూకుడులో ముందు ధనియాలు, చెక్క, లవంగాలు సన్న సెగ మీద దోరగా వేయించాలి. ఆ తర్వాత గసగసాలు, ఏలకులు. పొయ్యి కట్టేశాక, ఆ మూకుడు వేడికే సోంపు వేసి నాలుగుసార్లు కలపాలి. అంతకు మించి వేపుడు దానికి అక్కర్లేదు. చల్లారాక పొడి కొట్టి, కూర దింపే పది నిమిషాల ముందు వేయండి. చికెన్‌కి సోంపు అర చెంచా చాలు. చేపల పులుసులో వేసేవాళ్ళూ ఉన్నారు కానీ చింతపండు పులుపు పక్కన ఆ తీపి నాకు నచ్చదు, నేను వెయ్యను.

హోటల్ పరోటాతో ఇచ్చే కుర్మా ఇంట్లో చేస్తే ఆ రుచి రాదని చాలామంది అంటారు. లోటు చాలాసార్లు సోంపుదే. అర చిప్ప పచ్చి కొబ్బరి, గుప్పెడు పుట్నాల పప్పు, నాలుగు పచ్చిమిర్చి, చిన్న చెంచా సోంపు కలిపి మెత్తగా నూరి, కూరగాయలు ఉడికాక పోయండి. ఇక్కడ సోంపు వేయించకూడదు, పచ్చిదే వేయాలి. ముద్ద పోశాక రెండు పొంగులు వస్తే చాలు, దింపెయ్యండి.

మసాలా వడకి గ్లాసు పచ్చి శనగపప్పు రెండు గంటలు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వంచెయ్యండి. గుప్పెడు పప్పు పక్కన తీసి, మిగతాది అల్లం, పచ్చిమిర్చి, ఉప్పుతో నీళ్ళు చుక్క పోయకుండా కచ్చాపచ్చాగా రుబ్బాలి. చెంచా సోంపు తీసుకుని సగం రోట్లో నలగ్గొట్టి, సగం గింజల పళంగా కలపండి. నలిగినది పిండికంతా పడుతుంది, గింజ మాత్రం పంటి కింద పడ్డప్పుడే తెలుస్తుంది. తీసి పెట్టిన పప్పు, కరివేపాకు కూడా వేసేయండి. ఉల్లిపాయలు మాత్రం నూనె కాగాకే కలపాలి, లేకపోతే నీరు వదిలి వడ విడిపోతుంది. మధ్యరకం సెగ మీద వేయించండి. పెద్ద మంట పెడితే పైన మాడుతుంది, లోపల పిండి పచ్చిగా ఉండిపోతుంది.

ఎండాకాలం గుజరాత్‌లో వరియాలీ షర్బత్ అని చేస్తారు. మన రోహిణీ కార్తె ఎండలకీ బాగా పనికొస్తుంది. నాలుగు పెద్ద చెంచాల సోంపు బరకగా కొట్టి రెండు గ్లాసుల నీళ్ళలో మూడు నాలుగు గంటలు నానబెట్టాలి. ఆ నీళ్ళతోనే, తగినంత కలకండ వేసి రుబ్బి, పల్చటి గుడ్డలో వడగట్టి గట్టిగా పిండాలి. పొయ్యి జోలికే పోని వంటకం కాబట్టి వాసనంతా గ్లాసులోనే ఉంటుంది. చల్లటి నీళ్ళు, నిమ్మరసం కలుపుకుని ఆ రోజే తాగేయండి.

భోజనం తర్వాత నమిలే సోంపుకి హోటళ్ళలో ఇచ్చే రంగు రంగుల పంచదార పూత సరుకు వద్దు. వంద గ్రాముల సన్న సోంపుకి సగం నిమ్మచెక్క రసం, చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు పట్టించి గంటసేపు ఆరనివ్వండి. తర్వాత సన్న సెగ మీద తడి పోయి గింజ కరకరలాడే దాకా వేపాలి. రెండు చెంచాల వేయించిన నువ్వులు కలిపితే ఇంకా బాగుంటుంది.

తిన్నాక నమలడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. కడుపుబ్బరం, తేన్పులు తగ్గడానికి ఆయుర్వేదంలోనూ యునానీలోనూ సోంపు ఎప్పటినుంచో వాడుతున్నారు. యునానీలో దీని పేరు బాదియాన్. దీన్నుంచి దించిన అర్క్-ఎ-బాదియాన్ యునానీ కొట్లలో సీసాల్లో అమ్ముతారు. ఇంట్లో అయితే చెంచా సోంపు రోట్లో అప్పటికప్పుడు దంచి, గ్లాసు మరిగిన నీళ్ళు దాని మీద పోసి, వెంటనే మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. మూత లోపలి నీటి చుక్కల్ని కూడా గ్లాసులోకే వంపుకుని వడగట్టండి. సోంపు వేసి గ్లాసుడు నీళ్ళు సగం అయ్యేదాకా మరిగించే పద్ధతి వద్దు, మనకి కావలసింది ఆవిరిలో పోతుంది. తిన్నది అరగక బరువుగా ఉంటే చిటికెడు వాము కలుపుకోవచ్చు. జలుబు దగ్గుకైతే శొంఠి కలుపుతాం. గొంతుకి హాయిగా ఉంటుంది, జబ్బు నయమవుతుందని మాత్రం నేను చెప్పను. బాలింతకి పాలు పడతాయని కూడా పెద్దవాళ్ళు ఇస్తారు. కూరలో, పొడిలో తింటే ఇబ్బంది లేదు కానీ రోజూ గ్లాసులకొద్దీ కషాయం తాగించే ముందు డాక్టర్‌ని అడగండి. గర్భిణులకీ అదే మాట.

పసిబిడ్డ ఏడుస్తుంటే సోంపు నీళ్ళు పట్టమని సలహా ఇచ్చే పెద్దమ్మలు ప్రతి ఇంట్లో ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దంటుంది. పెద్దమ్మ నొచ్చుకున్నా సరే, పట్టకండి. అనాస పువ్వు కషాయం పిల్లలకి అసలు వద్దు. జపాన్ రకం ఒకటి చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, అది విషం. అనాస పువ్వు టీ తాగినవాళ్ళకి, పసిపిల్లలతో సహా, మూర్ఛలు వచ్చాయని 2003లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక కూడా ఇచ్చింది. చిన్న సీసాల్లో అమ్మే సోంపు నూనె కూడా తాగేది కాదు. జీలకర్ర, ధనియాలు, వాము ఇదే కుటుంబం. వాటిలో ఏదైనా పడని మనిషికి సోంపూ పడకపోవచ్చు.

మరీ ముఖ్యంగా గ్యాస్ అని మనం తేలిగ్గా అనేసే నొప్పి. ఛాతీ బరువుగా ఉండి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే సోంపు నీళ్ళు కాచుకుంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చెయ్యండి.

నిల్వకి గాజు సీసా మంచిది, పొయ్యి పక్క అరలో మాత్రం పెట్టకండి. ఒకేసారి అరకిలో కొనకుండా వంద గ్రాములు తెచ్చుకోండి. పొడి అయితే పది పదిహేను రోజులకి సరిపడా మాత్రమే కొట్టండి. మిక్సీ జారులో వాసన వదలకపోతే గుప్పెడు బియ్యం వేసి తిప్పండి. ఆ బియ్యప్పిండి పారెయ్యకుండా మసాలా వడ పిండిలో కలిపేస్తే వడ ఇంకాస్త కరకరలాడుతుంది.