ఆఫ్రికా వేట ట్రోఫీలు ఇంటికి చేర్చడం

ట్రోఫీ, అంటే వేట గుర్తుగా దాచుకునే తోలు, పుర్రె లాంటివి, పాడయ్యేది ఎక్కువగా ఓడలో కాదు, వేటాడిన రోజే. తోలు వలవగానే మాంసం, కొవ్వు గీకేసి సన్న ఉప్పు దట్టంగా రుద్దించండి. చెవులు తిరగేయాలి, పెదవులు చీల్చాలి, కనురెప్పల మడతల్లోనూ ఉప్పు పట్టించాలి. అక్కడ ఉప్పు అందకపోతే బాక్టీరియా చేరి వెంట్రుకలు కుచ్చులుగా ఊడిపోతాయి. ఆ తోలును ఇక ఎవరూ బాగుచేయలేరు. మర్నాడు తడిసిన ఉప్పు దులిపి, కొత్తది పట్టించి నీడలోనే ఆరబెట్టాలి. పుర్రెలో మెదడు, మాంసం ఇసుమంతైనా మిగలకూడదు.

ఇక కాగితాలు. చిరుత సైటిస్ (ముప్పున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే అతి కఠిన రక్షణ ఉన్న జాబితాలో, ఉంది కాబట్టి ముందు మీ దేశపు దిగుమతి పర్మిట్ రావాలి, ఆ తర్వాతే ఎగుమతి పర్మిట్ ఇస్తారు. రెండో అనుబంధం జంతువులకూ ఎగుమతి పర్మిట్ తప్పదు. దాని గడువు 6 నెలలే; ప్యాకింగ్ ఆలస్యమైతే మళ్లీ మొదటికే. చిరుత తోలు ట్యాగు నంబరును పర్మిట్‌తో అంకె అంకె సరిచూసుకోండి, తేడా వస్తే కస్టమ్స్ సరుకు ఆపేస్తుంది. పశువైద్య ధ్రువపత్రం కూడా అడుగుతారు.

చెక్కపెట్టెపై ఐఎస్‌పీఎం 15 (చెక్క ప్యాకింగ్‌తో పురుగులు, తెగుళ్లు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉందో లేదో చూడండి. వేడితో శుద్ధి చేసిన చెక్కయితే లోపలిదాకా 56 డిగ్రీల సెల్సియస్‌లో 30 నిమిషాలు ఉంచినట్టు. ముద్ర లేకపోతే పెట్టెను రేవులోనే ఆపేస్తారు.